లింకు తెగని ఖరగ్‌పూర్

రైలు కోసం పుట్టిన ఊళ్ళో కారు కింద టకటక శబ్దం. అరచేతిలో పట్టే రబ్బరు ముక్క మార్చే పనిలో ఝపటాపూర్ తెలుగువాళ్ళ నూరేళ్ళ చేతి విద్య పరీక్షకు నిలుస్తోంది.

టక్... టక్. స్పీడ్ బ్రేకర్‌ను నిటారుగా దాటితే రాదు. ఒక చక్రం గుంతలో దిగి రెండోది రోడ్డు మీదే ఉన్నప్పుడు మాత్రం ముందు వైపు అడుగు భాగం నుంచి వినిపిస్తుంది, ఖాళీ డబ్బాలో గులకరాయి పడినట్టు. స్టీరింగ్ బాగానే ఉంటుంది. బ్రేకులు పడుతుంటాయి. కాబట్టి చాలామంది యజమానులు పాటల శబ్దం కాస్త పెంచి ఊరుకుంటారు. ఖరగ్‌పూర్‌లోని ఝపటాపూర్ లాంటి పేటలో ఆ శబ్దాన్ని దాచిపెట్టడం కష్టం. ఎర్రటి మొరం నేల, వానాకాలం వెళ్ళాక మిగిలే గుంతలు, ఇళ్ళ ముందు ఎవరికి వారు పోసుకున్న సిమెంటు దిమ్మలు... వంద గజాలు నడిస్తే చాలు, కారు తన జబ్బు తానే చెప్పేసుకుంటుంది.

ఆ జబ్బు పేరు పుస్తకాల్లో ఒకటి, రోడ్డు మీద ఒకటి. ఇంజనీర్లు యాంటీ రోల్ బార్ అంటారు. అమెరికన్లు స్వే బార్ అంటారు. మన దేశంలో మెకానిక్‌ల నోట అది స్టెబిలైజర్. దాని చివర్లను చక్రాల వైపు భాగాలకు కలిపేవి లింక్ రాడ్లు. దాన్ని కారు చట్రానికి పట్టి ఉంచేవి రబ్బరు బుష్‌లు. టకటక చాలాసార్లు ఈ రెండింటిలో ఒకదాని నుంచే వస్తుంది. చిన్న కార్లకు విడిభాగాల ఖర్చు ఎక్కువగా వందల్లోనే తేలుతుంది. పని కూడా పెద్దదేమీ కాదు, ఒక పూటలో అయిపోతుంది. కానీ అదే కారు సంక్రాంతికి కుటుంబాన్ని ఎక్కించుకుని శ్రీకాకుళం దాకా వెళ్ళాలంటే, ఆ ఒక్క పూట పని ఎలా జరిగిందన్నది పెద్ద ప్రశ్న అవుతుంది.

ఒకే కంపెనీ, ఒకే దారి

అసలు ఇక్కడికి తెలుగువాళ్ళు ఎందుకొచ్చారు? సమాధానం పట్టాల్లో ఉంది. విజయవాడ నుంచి కటక్ దాకా తూర్పు తీరం వెంట రైలు మార్గం 1893-96 మధ్య పడింది. 1902లో వాల్తేరుకు ఉత్తరాన ఉన్న భాగం బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే చేతికి వచ్చింది. అంతకు రెండేళ్ళ ముందే, 1900లో, కోలాఘాట్ దగ్గర రూప్‌నారాయణ్ నది మీద వంతెన పూర్తయి ఖరగ్‌పూర్‌కు హౌరాతో లంకె కుదిరింది. అలా విజయనగరం, శ్రీకాకుళం, పలాస స్టేషన్లూ, మిడ్నపూర్ అడవుల అంచున కొత్తగా లేస్తున్న రైల్వే కాలనీ ఒకే కంపెనీ కిందకు వచ్చాయి. కరువో, కొలువో, ముందే వెళ్ళిన మేనమామో... కారణం ఏదైనా ఉత్తరాంధ్ర కుర్రాడికి ఖరగ్‌పూర్ పరదేశం కాలేదు. అదే లైను మీద ఇంకో స్టేషన్ అయింది.

ఆ కాలనీకి గుండెకాయ రైల్వే వర్క్‌షాపు. దేశంలోని పెద్ద రైల్వే వర్క్‌షాపుల్లో ఇది ఒకటి. ఫిట్టర్లు, టర్నర్లు, కమ్మరి పనివాళ్ళు, ఖలాసీలు, గ్యాంగ్‌మెన్‌గా తెలుగువాళ్ళు ఇక్కడ స్థిరపడ్డారు. మథురాకాటి, నింపురా, ఓల్డ్ సెటిల్‌మెంట్ క్వార్టర్లలో పిల్లలు పుట్టారు. రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేయాలి కాబట్టి, చేతికొచ్చిన సొమ్ముతో రైల్వే స్థలం దాటి నాలుగు సెంట్లు కొనుక్కుని ఇల్లు కట్టుకోవడం ఈ ఊరి మధ్యతరగతి జీవితంలో మామూలు మజిలీ. ఝపటాపూర్ లాంటి పేటల్లో తెలుగు వినిపించడానికి ఆ మజిలీయే కారణం.

ఈ కార్మికులు తలవంచుకుని బతికినవాళ్ళు కూడా కారు. 1927లో ఖరగ్‌పూర్ రైల్వే సమ్మెతో అట్టుడికింది. ఉద్యోగాల కోతకు వ్యతిరేకంగా 1928లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికుల అహింసాయుత సమ్మెకు నాయకత్వం వహించింది బరంపురంలో పుట్టిన తెలుగువాడు వి.వి. గిరి. నలభై ఏళ్ళ తర్వాత, 1969లో, ఆయన రాష్ట్రపతి అయ్యారు. కార్మిక సంఘం అన్న మాట ఈ ఊళ్ళో తెలుగు ఇళ్ళకు పత్రికల ద్వారా తెలిసింది కాదు, జీతం చీటీ ద్వారా తెలిసింది.

బయటి ప్రపంచానికి మాత్రం ఖరగ్‌పూర్ అంటే రెండే గుర్తులు. ఒకటి, 1,072.5 మీటర్ల పొడవైన ప్లాట్‌ఫాం. 2013లో గోరఖ్‌పూర్ (1,366 మీటర్లు) వచ్చేదాకా ప్రపంచంలో అదే పొడవైనది. 2023లో హుబ్బళ్ళి 1,507 మీటర్లతో గోరఖ్‌పూర్‌నూ దాటేసింది. రెండోది ఐఐటీ. 1931 సెప్టెంబరు 16న బ్రిటిష్ పోలీసులు ఇద్దరు రాజకీయ ఖైదీలను కాల్చిచంపిన హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలోనే 1951లో దేశపు మొదటి ఐఐటీ మొదలైంది. ఈ రెండు గుర్తుల మధ్య రెండు లక్షల పైచిలుకు జనాభా (2011 జనగణన) ఉన్న ఊరు ఉందని చాలామందికి తట్టదు.

తడిగుడ్డ పిండినట్టు

మళ్ళీ కారు కిందకు వెళదాం. స్టెబిలైజర్ అంటే వంచిన స్ప్రింగు ఉక్కు కడ్డీ, అంతే. ముందు రెండు చక్రాల మధ్య అడ్డంగా పడుకుని, రెండు కొసలూ ఒకే వైపుకు తిరిగి ఉంటాయి. కెనడాకు చెందిన స్టీఫెన్ కోల్‌మన్‌కు దీని మీద 1919లోనే పేటెంట్ దక్కింది. వందేళ్ళు దాటినా సూత్రం మారలేదు.

రెండు చక్రాలూ ఒకేసారి ఎగిరితే కడ్డీ తన బుష్‌లలో ఊరికే తిరుగుతుంది, ఏ పనీ చేయదు. స్పీడ్ బ్రేకర్‌ను నిటారుగా దాటితే శబ్దం రాకపోవడానికి కారణం ఇదే. మలుపులో కారు ఒక పక్కకు ఒరిగినప్పుడు ఒక కొస పైకి, ఒక కొస కిందికి పోతాయి. అప్పుడు తడిగుడ్డను పిండినట్టు కడ్డీ మెలిపడుతుంది. మెలి విప్పుకోవడానికి అది చేసే ప్రయత్నమే కారును నిటారుగా నిలిపే బలం. కడ్డీ మందం కొంచెం పెరిగినా ఆ బలం చాలా పెరుగుతుంది, ఎందుకంటే లెక్క మందానికి నాలుగో ఘాతంలో నడుస్తుంది. 20 మిల్లీమీటర్ల కడ్డీ స్థానంలో అదే ఆకారంలో 22 మిల్లీమీటర్లది పెడితే గట్టిదనం దాదాపు 46 శాతం ఎక్కువవుతుంది.

ఇంత బలాన్ని చక్రానికి చేరవేసేది వేలు లావున్న లింక్ రాడ్. దాని రెండు చివర్లా చిన్న బాల్ జాయింట్లు, వాటి మీద రబ్బరు తొడుగులు ఉంటాయి. తొడుగు చిరిగితే ఎర్రమట్టీ వాన నీరూ లోపలికి పోతాయి. గ్రీజు కడుక్కుపోతుంది, లోపలి గోళీ అరిగి వదులవుతుంది. టకటక మొదలు. కడ్డీని చట్రానికి పట్టి ఉంచే బుష్‌ల కథ కొంచెం వేరు. రబ్బరు ఎండకు గట్టిపడుతుంది, పగుళ్ళిస్తుంది, కడ్డీ చుట్టూ సందు పెరుగుతుంది. అప్పుడు వచ్చేది టక్ కాదు. డుబ్బుమనే మొద్దు శబ్దం, ఒక్కోసారి పాత తలుపు బందులా కిర్రుమనే చప్పుడు.

రబ్బరు ఎందుకు ముసలిదవుతుందో తెలుసుకోవాలంటే ఈ ఊరివాళ్ళు దూరం పోనక్కర్లేదు. ఐఐటీ ఖరగ్‌పూర్‌లో రబ్బర్ టెక్నాలజీ సెంటర్ ఉంది. గాలిలోని ఓజోన్, వేడి, నూనె రబ్బరు గొలుసులను ఎలా తెంపుతాయో అక్కడ ప్రయోగశాలలో చదువుతారు. అదే రబ్బరును గోటితో నొక్కి, పగులు వెడల్పు చూసి తేల్చే చదువు రోడ్డు పక్కన నడుస్తుంది. రెండూ ఒకే ఊళ్ళో, కొద్ది కిలోమీటర్ల తేడాలో. ఒకదాని గేటు దాటాలంటే ప్రవేశ పరీక్ష కావాలి. రెండోదానికి నూనె మరకల చొక్కా, ఓపిక ఉంటే చాలు.

బోగీ కింద కూడా ఇదే

ఖరగ్‌పూర్‌లో ఈ పనికి ఇంకో పాఠశాల కూడా ఉంది. రైలు బోగీ కూడా ఊగుతుంది, దాన్ని అదుపు చేయడానికీ కడ్డీలు, లింకులు, రబ్బరు బుష్‌లే ఆధారం. పాత నీలం రంగు ఐసీఎఫ్ బోగీల్లో బోల్‌స్టర్‌ను ముందుకూ వెనక్కీ జరగకుండా పట్టి ఉంచే యాంకర్ లింకులకు ‘సైలెంట్ బ్లాక్’ అనే రబ్బరు బుష్‌లు ఉంటాయి. పేరులోనే ఉంది, శబ్దం చేయకూడదు. జర్మన్ నమూనాలో వచ్చిన ఎల్‌హెచ్‌బీ బోగీల్లో అయితే కారుకు ఉన్నట్టే యాంటీ రోల్ బార్, దాని లింకులు ఉన్నాయి. ఐసీఎఫ్ నమూనా కోచ్‌ల తయారీ 2018లో ఆగిపోయింది కాబట్టి, ఇప్పుడు దూరప్రయాణం చేసేవాళ్ళు ఎక్కువగా ఈ కడ్డీ భరోసా మీదే నిద్రపోతున్నారు.

తేడా పద్ధతిలో ఉంది. రైల్వేలో శబ్దం వచ్చేదాకా ఎవరూ ఆగరు. కోచ్ నిర్ణీత కాలానికి పీఓహెచ్‌కు, అంటే పూర్తి ఓవర్‌హాల్‌కు, వర్క్‌షాపుకు వచ్చి తీరాలి. ఏ బుష్ ఎంత అరగవచ్చో, ఏది చూడగానే పారేయాలో రాసి ఉంటుంది. చేసినవాడు సంతకం పెట్టాలి, చూసినవాడు ఇంకో సంతకం పెట్టాలి. రోడ్డు పక్కన ఈ రెండో సంతకం ఉండదు.

చిన్న పని తప్పుగా జరిగితే ఏమవుతుందో ఈ ఊరికి ఎవరూ చెప్పనక్కర్లేదు. 2023 జూన్ 2 సాయంత్రం కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ఖరగ్‌పూర్ దాటి దక్షిణానికి వెళుతూ బాలేశ్వర్ దగ్గరి బహానగా బజార్ స్టేషన్‌లో లూప్ లైన్‌లోకి దూసుకుపోయి ఆగి ఉన్న గూడ్సును ఢీకొంది. 290 మందికి పైగా చనిపోయారు. ఆ స్టేషన్ ఖరగ్‌పూర్ డివిజన్‌లోదే. సిగ్నలింగ్ సర్క్యూట్‌లో మార్పుల పని సరిగా జరగలేదని రైల్వే భద్రతా కమిషనర్ విచారణ తేల్చింది. ఇంజను పేలలేదు, వంతెన కూలలేదు. తీగ కలపాల్సిన చోట కలపలేదు. అంతే.

జాకీ ఒక్కటి చాలదు

కారు లింక్ రాడ్ విప్పడం చూడటానికి తేలిక. పద్ధతి తెలిసిన చేతికీ తెలియని చేతికీ తేడా మొదటి నిమిషంలోనే బయటపడుతుంది. పద్ధతి తెలిసినవాడు కారును సమతలం మీద ఆపి, వెనక చక్రాలకు అడ్డుగా ఇటుకో చెక్కో పెట్టి, చక్రం నట్లను కారు నేల మీద ఉండగానే సడలిస్తాడు. ఆ తర్వాత ముందు భాగం మొత్తం, అంటే రెండు చక్రాలూ, లేపుతాడు. ఒకవైపే లేపితే కడ్డీ మెలిపడి ఉంటుంది. ఆ బిగువులో బోల్టు బయటికి రాదు. వస్తే ఎగిరి చేతికి తగులుతుంది. లేపాక చట్రం కింద స్టాండ్లు పెట్టకుండా లోపలికి దూరకూడదు. జాకీ ఉన్నది లేపడానికే, మోస్తూ నిలబడటానికి కాదు. ఖర్చు తగ్గుతుందని ఈ ఒక్క మెట్టు వదిలేసిన చోట్ల ప్రాణాలు పోయాయి.

తర్వాతి శత్రువు తుప్పు. బంగాళాఖాతం గాలిలో తేమ, నెలల తరబడి వాన. నట్టు మీద తుప్పు వదిలే నూనె చల్లి కాసేపు ఆగాలి. పానా వేసి బలంగా తిప్పితే నట్టుతో పాటు బాల్ జాయింట్ కూడా గిరగిరా తిరుగుతుంది, ఎంత సేపు తిప్పినా ఊడదు. అందుకే దాని కొసలో చిన్న ఆరు మూలల గుంత ఉంటుంది. అందులో ఆలెన్ కీ దూర్చి గోళీని కదలకుండా పట్టుకుని నట్టును మాత్రమే విప్పాలి. తుప్పుకు ఆ గుంత గుండ్రమైపోతే మిగిలింది రంపమే.

కొత్త లింకును పాతదాని పక్కన పెట్టి పొడవు చూసుకోవడం ఇంకో జాగ్రత్త. కుడి, ఎడమ వేరుగా ఉండే మోడళ్ళున్నాయి. ఒకే కారు పేరుతో ఏడాదికోసారి మారే కొలతలున్నాయి. వీటికి తోడు నకిలీ సరుకు. అసలు కంపెనీ డబ్బాను పోలిన డబ్బాలో వచ్చే లింకును చేత్తో కదిపితే గోళీ ముందే వదులుగా ఆడుతుంది. మంచిదైతే మొదట్లో బిర్రుగా, అంతటా ఒకే తీరుగా కదులుతుంది. ఒకవైపుది అరిగితే రెండోది కూడా అంతే దూరం తిరిగింది కాబట్టి జతగా మార్చడమే లాభం. లోపల నైలాన్ వలయం ఉన్న నట్టును రెండోసారి వాడకూడదు. నాలుగు రూపాయల ఆదా నడిరోడ్డు మీద ఊడిపోయే నట్టు అవుతుంది.

బుష్‌ల దగ్గర పొరపాట్లు ఇంకా సూక్ష్మంగా ఉంటాయి. పాత బుష్ తీశాక కడ్డీ మీద తుప్పు గీకి తుడవాలి, లేకపోతే గరుకు ఉక్కు కొత్త రబ్బరును కొన్ని నెలల్లో తినేస్తుంది. కొత్తది సులువుగా ఎక్కాలని చేతికందిన గ్రీజు పూయడం పెద్ద తప్పు. పెట్రోలియం గ్రీజు మామూలు రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది. సబ్బునీళ్ళో, సిలికాన్ రకమో వాడాలి. కొన్ని కార్లకు ఏదీ వాడకుండా పొడిగానే బిగించాలని తయారీదారు రాస్తాడు. బుష్‌కు ఒక పక్క చీలిక ఉంటుంది. అది ముందుకు ఉండాలా, వెనక్కి ఉండాలా అన్నది మోడల్‌ను బట్టి మాన్యువల్ చెబుతుంది.

అన్నిటికన్నా ఎక్కువగా మరచిపోయేది ఆఖరి బిగింపు. రబ్బరు బుష్ ఉన్న జాయింటును చక్రాలు గాల్లో వేలాడుతుండగానే గట్టిగా బిగిస్తే, కారు నేల మీదకు దిగినప్పుడు ఆ రబ్బరు మెలిపడి ఉండిపోతుంది. నిద్రపోతున్నప్పుడు చెయ్యి కింద పడి తిమ్మిరెక్కినట్టే, దానికి విశ్రాంతి ఉండదు. త్వరగా చిరిగిపోతుంది. అందుకే ముందు సగం బిగించి, కారు బరువు చక్రాల మీద పడ్డాక, మాన్యువల్ చెప్పిన టార్క్ ప్రకారం పూర్తి బిగింపు ఇవ్వాలి. టార్క్ రెంచి చాలా రోడ్డు పక్క షెడ్లలో కనిపించదు. మోచేతి బలమే కొలత. అనుభవం ఉన్న మోచెయ్యి చాలాసార్లు సరిగ్గానే చెబుతుంది. కొత్త మోచెయ్యి బోల్టు మర తెంపేస్తుంది.

మారుతి నేర్పిన పాఠం

ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో బెంగాల్ రోడ్లను ఏలింది అంబాసడర్. అది బెంగాల్‌లోనే, ఉత్తర్‌పాడా దగ్గరి హింద్‌మోటర్‌లో తయారైంది. వెనక పట్టీ స్ప్రింగులు, బరువైన ఒళ్ళు, ఎక్కడ ఆగినా విప్పి బిగించగల తేలిక. 2014లో దాని తయారీ ఆగిపోయింది. 1983లో వచ్చిన మారుతి 800 మెకానిక్‌లకు కొత్త పాఠం నేర్పింది. దాని ముందు భాగంలో స్టెబిలైజర్ కడ్డీ రెండు ఉద్యోగాలు చేస్తుంది. ఒరుగును ఆపడమే కాదు, దిగువ ఆర్మ్‌ను ముందుకూ వెనక్కీ జరగకుండా పట్టి ఉంచేది కూడా అదే. వేరే లింక్ రాడ్ లేదు. కడ్డీ కొస నేరుగా ఆర్మ్‌లోకి దూరి బుష్, వాషర్, నట్టుతో బిగుస్తుంది.

కాబట్టి ఈ కారులో బుష్ పోతే విషయం శబ్దంతో ఆగదు. బ్రేకు వేసినప్పుడు చక్రం వెనక్కి జరుగుతుంది, కారు ఒక పక్కకు లాగుతుంది. బుష్ మార్చాక చక్రాల అమరిక చూపించుకోవాలి. లింకులు వేరుగా ఉన్న తర్వాతి తరం కార్లలో లింక్ రాడ్ మార్చినంత మాత్రాన అమరిక మారదు. ఈ తేడా తెలియని చోట యజమాని అనవసరపు పనికి డబ్బు కడతాడు. లేదా అవసరమైన పని చేయించుకోకుండానే బండి తీసుకెళతాడు.

విరిగిన లింకుతో కారు నడుస్తుందా? వేరే లింకులున్న కార్లలో నడుస్తుంది. అదే ప్రమాదం. ఊళ్ళో ముప్పై కిలోమీటర్ల వేగంలో ఏ తేడా తెలియదు. జాతీయ రహదారి మీద అర్ధరాత్రి, ఎదురుగా లైట్లు లేకుండా ఆగిన లారీని తప్పించడానికి స్టీరింగ్ ఒక్కసారి తిప్పినప్పుడు కారు ఎప్పుడూ లేనంతగా ఒరుగుతుంది. డ్రైవర్ చేతులు పాత కారును ఊహిస్తాయి, కింద ఉన్నది వేరే కారు.

ఆరు వందల కిలోమీటర్ల పండగ

సంక్రాంతి నెలలో ఖరగ్‌పూర్ నుంచి దక్షిణానికి పోయే రైళ్ళలో బెర్తు దొరకడం ఎంత కష్టమో తెలుగు ఇళ్ళలో అందరికీ తెలుసు. దొరకనివాళ్ళకు 16వ నంబరు జాతీయ రహదారే దారి. కోల్‌కతా నుంచి చెన్నై దాకా పోయే ఈ రోడ్డు స్వర్ణ చతుర్భుజిలో భాగం. ఖరగ్‌పూర్ దగ్గరే 14, 49 నంబరు రహదారులు కూడా కలుస్తాయి. బేల్దా, దాంతన్ దాటితే ఒడిశా. బాలేశ్వర్, భద్రక్, కటక్, భువనేశ్వర్. ఆ తర్వాత ఎడమ చేతి వైపు చిలికా నీళ్ళు. బరంపురం దాటాక ఇచ్ఛాపురం, తెలుగు బోర్డులు. శ్రీకాకుళం చేరేసరికి ఆరు వందల కిలోమీటర్ల పైమాటే. నాలుగు లేన్ల రోడ్డు నున్నగా ఉంటుంది, వంతెనల అతుకుల దగ్గర, ఊళ్ళు తగిలే చోట మాత్రం కాదు. అలాంటి చోట్లే లింకులూ బుష్‌లూ తమ నిజం చెబుతాయి.

ఇంటికెళ్ళే ఈ దారి కూడా మునుపటిలా లేదు. 2003 ఏప్రిల్‌లో తూర్పు తీర రైల్వే జోన్ ఏర్పడేదాకా వాల్తేరు, ఖరగ్‌పూర్ డివిజన్లు రెండూ ఆగ్నేయ రైల్వేలోనే ఉండేవి. విశాఖకో పలాసకో బదిలీ కోరుకోవడానికి ఒకే జోన్‌లో వీలుండేది. వాల్తేరు కొత్త జోన్‌కు వెళ్ళడంతో నూరేళ్ళ పాలనాపరమైన లంకె తెగింది. రైల్వే నియామకాలు దేశవ్యాప్త పోటీ పరీక్షలయ్యాయి. తాత ఫిట్టరు, తండ్రి ఫిట్టరు అన్నది మనవడికి అర్హత కాదు. అది న్యాయమే కావచ్చు, కానీ పట్టణంలో పుట్టి పెరిగి చేతి పని తప్ప వేరే ఆస్తి లేని కుర్రాళ్ళకు వర్క్‌షాపు గోడ ఒక్కసారిగా ఎత్తు పెరిగింది. కొందరు బెంగళూరు, హైదరాబాద్ బాట పట్టారు. ఊళ్ళో ఉండిపోయినవాళ్ళకు మిగిలిన దారుల్లో మోటారు షెడ్డు ఒకటి.

అలాంటి షెడ్లలో భాష కూడా కడ్డీ మాదిరే మెలిపడి నిలబడుతుంది. ఖాతాదారుతో బెంగాలీ, తోటి పనివాడితో హిందీ, ఇంటి నుంచి ఫోను వస్తే ‘ఏటి’, ‘నేదు’ అనే ఉత్తరాంధ్ర తెలుగు. విడిభాగాల పేర్లు మాత్రం అందరికీ ఒకటే. బుష్ ఏ భాషలోనైనా బుష్షే. ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో చదవని పిల్లలు ఇక్కడ తక్కువేమీ కాదు. మాట ఉంది, అక్షరం జారిపోతోంది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించినప్పుడు ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళ పేరు దేశమంతా వినిపించింది. కొద్ది నెలల్లోనే శాసనసభ ఎన్నికలు ఉన్నాయన్న సంగతి కూడా ఎవరూ మరచిపోలేదు. హోదా కాగితం మీదకు రావడం ఒక పని. బడిలో టీచరు, పరీక్షలో తెలుగు ప్రశ్నపత్రం రావడం వేరే పని. సగం బిగించిన నట్టు లాంటిదే ఇది కూడా. బరువు మీద పడ్డాకే ఆఖరి బిగింపు తెలుస్తుంది.

ఝపటాపూర్ షెడ్లకు ఇప్పుడు కావలసినవి పెద్ద కోరికలేమీ కాదు. రెండు స్టాండ్లు, ఒక టార్క్ రెంచి, మోడల్ వారీ కొలతల పుస్తకం, పని చేశాక రెండో చెయ్యి చూసే అలవాటు. మొదటి మూడూ డబ్బుతో వస్తాయి. నాలుగోది ఈ ఊళ్ళో చాలా ఇళ్ళలో రిటైరై అరుగు మీద కూర్చున్న ఫిట్టర్ల దగ్గర ఉచితంగా ఉంది. కోచ్ కింద సంతకం పెట్టిన ఆ కళ్ళకు కారు కింద లింకు బిర్రుగా ఉందో లేదో చెప్పడం కష్టం కాదు. అడిగేవాళ్ళు కావాలి.

బెంగాలీ ఇళ్ళలో పౌష సంక్రాంతి పిఠే, తెలుగు ఇళ్ళలో అరిసెలు ఒకే రోజుల్లో పొయ్యి మీదకెక్కుతాయి. కారులో వెళ్ళేవాళ్ళు దానికి వారం ముందే బండిని షెడ్డుకు తేవడం మంచిది. కొత్త లింకులు, బుష్‌లు వేశాక ఊళ్ళోనే కొన్ని రోజులు తిప్పాలి, గుంతలున్న వీధుల్లో ఒక్కో చక్రాన్నీ దింపి చూడాలి. బయలుదేరే ముందు నట్లన్నీ మరోసారి పానాతో తాకించుకోవాలి. శ్రీకాకుళం వెళ్ళి తిరిగొచ్చేసరికి పన్నెండు వందల కిలోమీటర్లు దాటుతుంది. అప్పుడు ఇంకోసారి.